వెల్డింగ్ కంపెనీకి సర్టిఫికెట్ ఉంది.. అతుకు పగిలితే ఎవరికి చెప్పుకోవాలి? ఫిర్యాదు, అప్పీలు వెనకున్న అసలు కథ ఇదే

గోడకు ఫ్రేమ్ కట్టిన సర్టిఫికెట్. టెండర్ ఫైల్లో దాని జిరాక్స్. కొనేవాళ్లకు అంతకు మించి ఇంకేం కావాలి అనుకుంటాం. కానీ ఆ సర్టిఫికెట్ ఉన్న కంపెనీ పంపిన ట్యాంకు నెల తిరక్కముందే అతుకు దగ్గర కారితే? లేదా ఏ తప్పూ చేయలేదంటున్న కంపెనీ సర్టిఫికెట్‌ను సస్పెండ్ చేస్తే? సర్టిఫికెట్ ఇచ్చే వ్యవస్థ విలువ తేలేది అప్పుడే.

వెల్డింగ్ కంపెనీలకు ఇచ్చే సర్టిఫికెట్లలో ముఖ్యమైనది ఐఎస్ఓ 3834. ఇందులో మూడు స్థాయిలున్నాయి. సమగ్ర స్థాయికి పార్ట్ 2, సాధారణ స్థాయికి పార్ట్ 3, ప్రాథమిక స్థాయికి పార్ట్ 4. దీన్ని ఆధారం చేసుకునే అంతర్జాతీయ వెల్డింగ్ సంస్థ ఐఐడబ్ల్యూ తన మాన్యుఫ్యాక్చరర్ సర్టిఫికేషన్ స్కీమ్‌ను నడుపుతోంది.

వస్తువు ఉండగా కంపెనీకి ఎందుకు సర్టిఫికెట్?

ఎందుకంటే వెల్డింగ్ అనేది పని పూర్తయ్యాక చూసి పూర్తిగా తేల్చేయగలిగేది కాదు. పైకి నున్నగా కనిపించే అతుకు లోపల గాలి బుడగలు ఉండొచ్చు, మెటల్ అడుగుదాకా కలవకపోవచ్చు. ఎక్స్‌రే తీసినా అన్నీ దొరకవు. అందుకే వెల్డర్ ఎవరు, అతనికి ఏ అర్హత ఉంది, ఏ రాడ్ వాడారు, మెషీన్ రీడింగ్ సరిగ్గా ఉందా, పని చూసే ఇంజనీర్ నిజంగా షాపులో ఉన్నాడా అన్నవన్నీ ముందే చూడాలి.

చూడకపోతే ఏమవుతుందో 1980 మార్చి 27న ప్రపంచం చూసింది. నార్వే పరిధిలోని ఉత్తర సముద్రంలో కార్మికులు బస చేసే అలెగ్జాండర్ కీల్లాండ్ ప్లాట్‌ఫామ్ తిరగబడింది. అందులో ఉన్న 212 మందిలో 123 మంది చనిపోయారు. దర్యాప్తులో తేలిందేంటంటే.. ఒక పరికరాన్ని బిగించడానికి వేసిన చిన్న ఫిల్లెట్ వెల్డు దగ్గర పగులు మొదలై, పెరిగి పెరిగి పెద్ద పైపునే తెంచేసింది. పగులు లోపల పెయింట్ ఆనవాళ్లు దొరికాయి. అంటే యార్డులో రంగు వేసేనాటికే ఆ పగుల్లో కొంత భాగం ఉందన్నమాట. లోపం షాపులో ఉండగానే బయటపడాలి, చెప్పడానికి ఒక దారి ఉండాలి అనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఫిర్యాదు వేరు.. అప్పీలు వేరు

చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు. కాదు. ఉదాహరణకు జీడిమెట్లలో ఒక ఫ్యాబ్రికేషన్ షాపు ఉందనుకుందాం. వాళ్లు చేసిన ట్యాంకు విశాఖలోని కొనుగోలుదారు దగ్గర లీకైంది. ఆయన "మీరు సర్టిఫై చేసిన కంపెనీ పని ఇలా ఉంది" అని సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు రాస్తే అది ఫిర్యాదు. ఆ సంస్థ ఆడిటర్ దురుసుగా ప్రవర్తించాడని, రిపోర్టు నెలల తరబడి రాలేదని షాపు ఓనర్ రాసినా అది కూడా ఫిర్యాదే.

అప్పీలు అలా కాదు. అది నిర్ణయం మీద పోరాటం. పనులు చూసే వెల్డింగ్ ఇంజనీర్ నెలకు రెండు రోజులే వస్తున్నాడని చెప్పి అదే షాపు సర్టిఫికెట్‌ను సస్పెండ్ చేశారనుకోండి. "కాదు, రోజూ వస్తున్నాడు, ఇవిగో రికార్డులు, నిర్ణయం మళ్లీ చూడండి" అని ఓనర్ అడిగితే అది అప్పీలు.

తప్పు గుమ్మం తడితే కాలం పోతుంది. ఆడిటర్ తీరు మీద ఎన్ని ఫిర్యాదులు పెట్టినా సస్పెన్షన్ దానంతట అది పోదు. ఆర్డర్ మాత్రం చేజారిపోతుంది, ఆ షాపు మీద ఆధారపడిన వెల్డర్లకు పని ఆగిపోతుంది.

రూల్స్ ఏం చెబుతున్నాయి?

సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలకూ రూల్స్ ఉన్నాయి. ఐఎస్ఓ/ఐఈసీ 17021-1, 17065 ప్రమాణాలు అవే. వాటిలో సామాన్యుడికి పనికొచ్చే పాయింట్లు ఇవి.

ఒకటి.. ఫిర్యాదులు, అప్పీళ్లు ఎలా తీసుకుంటారో రాతలో ఉండాలి. అడిగిన వాళ్లకు అందుబాటులో ఉంచాలి. ఫిర్యాదు అందిందని చెప్పాలి, చివర్లో ఫలితం తెలియజేయాలి.

రెండు.. తీర్పు ఇచ్చేవాళ్లు ఆ వ్యవహారంలో అంతకుముందు పాల్గొన్నవాళ్లు కాకూడదు. ఆడిట్ చేసిన మనిషే అప్పీలు వింటే అది అప్పీలే కాదు. 17065 ఇంకో అడుగు ముందుకేసింది. ఆ కంపెనీలో ఉద్యోగం చేసినవాళ్లు, దానికి కన్సల్టెన్సీ ఇచ్చినవాళ్లు ఆ సంబంధం ముగిశాక రెండేళ్ల దాకా ఆ కంపెనీ కేసును పరిశీలించకూడదు.

మూడు.. అప్పీలు వేశారన్న కోపంతో వివక్ష చూపకూడదు. ఇది 17021-1లో స్పష్టంగా ఉంది.

నాలుగు.. ఫిర్యాదు మీద విచారణకు తక్కువ వ్యవధిలో చెప్పి కూడా ఆడిట్‌కు వెళ్లొచ్చు. వార్షిక తనిఖీ దాకా ఆగాల్సిన పన్లేదు.

అయినా అనుమానం ఎందుకు?

కాగితం మీద అంతా బాగుంది. చిక్కంతా ఆచరణలోనే. మొదటి చిక్కు డబ్బు. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థకు ఫీజు కట్టేది ఆ కంపెనీయే. తనకు ఫీజు కట్టే కస్టమర్ మీద వచ్చిన ఫిర్యాదును తనే విచారించాలి. నిష్పక్షపాతంగా ఉండేవాళ్లు ఉంటారు, కానీ ఒత్తిడి లేదని ఎవరూ అనలేరు.

రెండోది భయం. ఏ అతుకు ఎలా వేశారో అందరికంటే బాగా తెలిసింది వెల్డర్‌కే. టార్గెట్ కోసం ప్రీహీట్ మానేశారని, ఒకరి స్టాంపు నంబర్ మీద ఇంకొకరు వెల్డింగ్ చేశారని చెప్పగలిగేది కూడా అతనే. కానీ అతను కాంట్రాక్ట్ కార్మికుడు. పేరు బయటపడితే రేపటి నుంచి గేటు లోపలికి రానివ్వరు. ఫిర్యాదుదారు వివరాలు గోప్యంగా ఉంచాలని రూల్ ఉన్నా, పదిమంది ఉన్న షాపులో ఎవరు చెప్పారో పట్టుకోవడం ఎంతసేపు?

మూడోది మౌనం. ఫిర్యాదు ఫలితాన్ని బయటపెట్టాలా వద్దా, పెడితే ఎంతవరకు అన్నది సర్టిఫికెట్ సంస్థ, కంపెనీ, ఫిర్యాదుదారు కలిసి తేల్చుకోవాలని 17021-1 అంటోంది. మధ్యలో అదే కంపెనీకి ఆర్డర్ ఇవ్వబోతున్న మరో కొనుగోలుదారుకు ఏమీ తెలియకుండానే పోవచ్చు.

మరి మనం ఏం చేయాలి?

కొనుగోలుదారులు ముందు కంపెనీకే రాతపూర్వకంగా చెప్పాలి. జవాబు రాకపోతే సర్టిఫికెట్ సంస్థకు వెళ్లాలి. "వెల్డింగ్ బాగాలేదు" అని ఒక్క ముక్క రాస్తే పని జరగదు. డ్రాయింగ్ నంబర్, అతుకు ఎక్కడుంది, వెల్డర్ స్టాంపు, ప్లేటు హీట్ నంబర్, టెస్ట్ రిపోర్టు, తేదీ ఉన్న ఫొటోలు జత చేయాలి. ఇంకో మాట.. సర్టిఫికెట్ సంస్థ మీ డబ్బు వెనక్కి ఇప్పించదు. నష్టపరిహారానికి కాంట్రాక్టు, కోర్టు దారి వేరే ఉంది.

షాపు ఓనర్లు సర్టిఫికెట్ తీసుకునే రోజే ఒప్పందంలో అప్పీలు గడువు ఎంత, ఫీజు ఉందా, తీర్పు వచ్చేదాకా సస్పెన్షన్ కొనసాగుతుందా అన్నవి చదువుకోవాలి. సస్పెన్షన్ సాధారణంగా ఆరు నెలలు దాటకూడదని 17021-1 చెబుతున్నా, చిన్న షాపుకు ఆరు నెలలంటే మూతపడటంతో సమానం. ఆడిటర్ చూపిన లోపం నిజమే అయితే అప్పీలు కన్నా సరిదిద్దుకోవడమే త్వరగా తేలే దారి.

సర్టిఫికెట్ సంస్థే స్పందించకపోతే? దానికి గుర్తింపు ఇచ్చిన అక్రెడిటేషన్ బోర్డుకు చెప్పొచ్చు. మన దేశంలో క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కింద ఎన్ఏబీసీబీ ఉంది. అయితే ఆ సర్టిఫికెట్ మీద ఏ బోర్డు గుర్తు ఉందో ముందు చూసుకోవాలి. ఏ గుర్తూ లేకపోతే అక్కడే ఆలోచించాలి.

ఇంతకీ చెప్పొచ్చేదేంటంటే.. ఒక స్కీమ్ ఎన్ని సర్టిఫికెట్లు ఇచ్చిందన్నది గొప్ప కాదు. తన మీద వచ్చిన ఫిర్యాదును ఎలా విన్నది, తన తప్పుడు నిర్ణయాన్ని తనే వెనక్కి తీసుకోగలిగిందా అన్నదే దాని పరీక్ష. ఈసారి ఎవరైనా సర్టిఫికెట్ చూపిస్తే "మీ మీద ఫిర్యాదు చేయాలంటే ఎవరికి రాయాలి?" అని ఒక్కసారి అడగండి. తడుముకోకుండా జవాబు వస్తే సగం నమ్మకం అక్కడే కుదురుతుంది.