మన సరకును మనమే చూపుకొనవలెను



కొల్లేటి చుట్టునున్న చెరువుల నుండి మంచుగడ్డలతో నింపిన చేపల పెట్టెలు లారీలకెక్కి కోల్‌కతా, అస్సాము వరకు పోవుచున్నవి. ఆ బొచ్చెను, ఆ శీలావతిని తినువానికి పెంచినవాని ఊరు తెలియదు. పెంచినవానికి తినువాని ముఖము తెలియదు. నడుమ నున్నవాడు చెప్పినదే ధర. లారీల కొలది సరకు గల రైతునకు ఈ ఏర్పాటు తప్పదేమో! కాని ఇరువది కిలోల ఎండుచేపలు, నాలుగు బస్తాల దంపుడు బియ్యము, రెండు గంపల నిమ్మకాయలు అమ్ముకొనువారు కూడ ఆ మాటకే తల యొగ్గవలసిన పని లేదు. వారి చేతిలో నేడొక సాధనము కలదు. అదియే ఫోను.

"వీడియో తీయించవలెనన్న పట్టణము నుండి కెమెరావానిని పిలువవలెను, వెనుక సంగీతము పెట్టించవలెను, అంత డబ్బు మాకెక్కడిది?" అని పలువురు అడుగుచున్నారు. ఆ డబ్బు మిగుల్చుకొనుడని నా సలహా. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టులో బేరగాడు బస్తా విప్పించి, నాలుగు గడ్డలు చేతిలోనికి తీసికొని, నొక్కి చూచి గాని ధర మాట్లాడడు. బస్తా కుట్టిన దారము పట్టుదా, గోగునారా అని చూడడు. వీడియో అనగా దూరమున నున్న కొనుగోలుదారునకు బస్తా విప్పి చూపుటయే. దానికి కావలసినది హంగు కాదు, ఆధారము.

ఇది వట్టి ఊహ కాదు. 2006లో బెంగుళూరు నందలి మైక్రోసాఫ్ట్ పరిశోధనశాలలో డిజిటల్ గ్రీన్ అను ప్రయత్నము మొదలైనది. రైతుల చేతనే, వారి పొలములలోనే, చవుక కెమెరాలతో చిన్న చిత్రములు తీయించి, పొరుగూళ్ల రైతులకు చూపిరి. కర్ణాటక గ్రామములలో జరిపిన ఆ తొలి పరీక్షలో, పెట్టిన ప్రతి రూపాయికి పాత విస్తరణ పద్ధతి కన్న సుమారు 10 రెట్లు ఫలితము కనబడినదని ఆ పరిశోధకులు ప్రకటించిరి. తెరమీది మనిషి తమవంటి రైతే అయినచో చూచువారు నమ్మిరి. అయితే చిత్రము చూపి ఊరకుండలేదు. ఊరి మనిషి యొకడు దగ్గర నుండి, మధ్య మధ్య ఆపి, ప్రశ్నలకు జవాబు చెప్పెడివాడు. ఆ చిత్రములు సేద్యము నేర్పుటకు తీసినవే గాని, నమ్మకము పుట్టు దారి అమ్మకమునకు కూడ అదియే.

మన భాషను గూర్చి సిగ్గుపడనక్కరలేదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుండి వచ్చిన మై విలేజ్ షోలో వ్యవసాయ కూలియైన గంగవ్వ తన యాసలోనే మాట్లాడి తెలుగువారందరి మెప్పు పొందినది. మీకు లక్షలమంది ప్రేక్షకులు అక్కరలేదు. నమ్మి మరల మరల కొను నలువదిమంది చాలును.

ఇక తీయు విధము చూతము. ఒక లంక గ్రామములోని మహిళా సంఘము ఎండుచేపలు అమ్మదలచినదనుకొనుడు. చిత్రము ఒక్క నిమిషమునకు మించరాదు. ఉదయపు ఎండలో, తీయువాని వీపు సూర్యునివైపు ఉండునట్లు నిలువవలెను. చేయి వణకకుండ ఫోనును స్టూలునకు ఆనించవలెను. మొట్టమొదట దండములు, పరిచయములు వలదు. ఎండిన చేపను విరిచి దగ్గరగా చూపవలెను. తరువాత చేపను కడుగుట, ఉప్పు పట్టించుట, నేలమీద గాక వెదురు మంచెపై పరచిన వలమీద ఆరబెట్టుట, కాటా మీద తూచుట, సంచిలో కట్టుట, ఒక్కొక్కటి ఐదారు క్షణములు చాలును. కొల్లేటి గాలి హోరు మాటను మ్రింగివేయును గనుక, మాటలను గోడ చాటున ఫోను దగ్గరగా పట్టుకొని చెప్పించవలెను. కడపట ఊరి పేరు, బరువు, ధర, ఫోను నంబరు అక్షరములలో కనిపించవలెను. పూర్తియైన పిదప ధ్వని ఆపి పొరుగింటివారికి చూపుడు. ఏమి సరకో, ఎంతకో వారికి తెలిసినచో చిత్రము కుదిరినట్లే.

అన్నిటికన్న ముఖ్యమైనది నిజము. చెరువులో పెంచిన బొచ్చెను సరస్సులో పట్టినదని చెప్పరాదు. నిరుటి బియ్యమును కొత్త పంటయనరాదు. మందు చల్లిన కాయను సహజ సేద్యపు కాయయనరాదు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టము క్రింద మోసపుచ్చు ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు జరిమానా కలదు. జరిమానా మాట అటుంచుడు. వీడియోలో చూచినది ఒకటి, సంచిలో వచ్చినది వేరొకటి అయినచో, ఆ కొన్నవాడు మరల మన ఊరి సరకే ముట్టడు. ఒకరి అబద్ధమునకు ఊరంతయు నష్టపడును. కొల్లేరు 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2006లో దానిలోని అక్రమ చెరువులను ప్రభుత్వము తొలగించినది. కనుక కొల్లేటి పేరు చెప్పి అమ్ముకొనువాడు ఆ హద్దులను గౌరవించి, చెప్పుకొనదగిన చెరువునే చూపవలెను.

మరియొక హెచ్చరిక. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను ప్రభుత్వము నిషేధించినప్పుడు, దానినే నమ్ముకొన్నవారు ఒక్కరోజులో తమ ప్రేక్షకులను పోగొట్టుకొనిరి. కావున యూట్యూబులో పెట్టినను, వాట్సాప్‌లో పంపినను, కొన్నవారి పేరు, నంబరు కాగితపు పుస్తకములో వ్రాసికొనవలెను. ఫోను మ్రోగినప్పుడు ఎత్తి మర్యాదగా జవాబు చెప్పు మనిషి ఇంటిలో ఉండవలెను. ఎత్తని ఫోనుకు ఎంత మంచి వీడియోయైనను వ్యర్థమే.

గ్రామాధికారులకు ఒక విన్నపము. ఏటేటా సభలు పెట్టి ఉపన్యసించుటకు బదులు, ఒక ఉదయము ఒక సంఘము వద్ద కూర్చుండి ఒక్క వీడియో తీయించుడు. దానిని చూచి పొరుగువారు తామే నేర్చుకొందురు. తూకమునకు, తేమకు సాక్షిగా మీరు పక్కన నిలిచినచో కొనువానికి మరింత ధైర్యము కలుగును.

రైతు సోదరులారా! మన సరకు మంచిదని ఇంతకాలము వేరొకరు చెప్పి, ఆ చెప్పినందుకు వారే లాభము తీసికొనిరి. ఈ ఆదివారము ఉదయమే ఒక నిమిషము వీడియో తీయుడు. బస్తా మనమే విప్పి చూపుదము.