కొండను తవ్వి పట్టిన ఎలుక

కొండను తవ్వి ఎలుకను పట్టినట్టని మనవాళ్ళు ఎద్దేవా చేస్తూంటారు గాని, ఒక్కొక్కప్పుడు ఆ ఎలుక కోసమైనా కొండను తవ్వవలసిందే సుమండీ! ఈ మాట నేను ఊరికే అనడం లేదు. మా చెల్లెలి చెయ్యి చూశాక అంటున్నాను.

మా చెల్లెలి కాపురం హైదరాబాదులో, తార్నాకలో. ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టింది 1918లో. ఆర్ట్సు కాలేజీ రాతి భవనం తెరిచింది 1939లో. అప్పటినుంచీ ఇప్పటిదాకా ఆ ఆవరణలో పిల్లలు ఏదో ఒకటి రాస్తూనే వున్నారు. రాసినది శుభ్రంగా అచ్చు రూపంలోకి తెచ్చిపెట్టే మనిషి కోసం తార్నాక సందుల్లో వెతుకుతూనే వున్నారు. టైపు హయ్యరు ప్యాసయిన మా చెల్లెలు ఆ మనుషుల్లో ఒకతె. ముందు గదిలో కంప్యూటరు పెట్టుకుని పిహెచ్‌.డి. వాళ్ళ సిద్ధాంత గ్రంథాలు కొట్టిపెడుతూంటుంది. ఆ డబ్బుతోనే కొడుకు ఇంజనీరింగు చదువుతున్నాడు.

పోయిన ఏడాది దానికి కుడి మణికట్టు పట్టుకుంది. పొద్దున్న లేచేసరికి వేళ్ళు తిమ్మిరి. కాఫీ గ్లాసు ఎత్తితే చెయ్యి వణుకు. డాక్టరు చూసి, "కొన్నాళ్ళు ఈ చేతికి పని తగ్గించండమ్మా" అన్నారు.

"తగ్గించవచ్చు అక్కయ్యా. వాడి ఫీజు కూడా తగ్గిస్తారేమో కనుక్కో" అంది మా చెల్లెలు.

నేను మాట్లాడలేకపోయాను.

ఆ సాయంత్రమే మా వాడు ఒక మౌస్ పట్టుకొచ్చాడు. మామూలు మౌస్‌కి రెండు బొత్తాలూ, మధ్య ఒక చక్రమూ వుంటాయి కదా. దీనికి బొటనవేలి పక్కన మరో రెండు, చక్రం వెనక ఇంకొకటి వున్నాయి. ఏ బొత్తానికి ఏ పని చెప్పుకుంటే ఆ పని చేస్తుందట.

"వున్న బొత్తాలతోనే చేతులు పడిపోతున్నాయిరా. ఇంకా మూడా?" అన్నాను.

"పెద్దమ్మా, ఇవి పని పెంచడానికి కాదు, తగ్గించడానికి" అన్నాడు.

ఆ మాటకొస్తే ఈ బొత్తాల లెక్క మన ఇంట్లో పుట్టిన తగువేమీ కాదు. 1964లో అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఆయన ఆలోచనకు బిల్ ఇంగ్లీష్ అనే ఇంజనీరు రూపమిచ్చి, తొలి మౌస్‌ను చెక్కపెట్టెగా తయారు చేశాడు. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో సభవారి ముందు దాన్ని నడిపి చూపించినప్పుడు దానికి మూడు బొత్తాలు. పైగా ఎడమచేతి కింద ఐదు మీటల పలక వేరే! 1984లో ఆపిల్ వారి మెకింటాష్ వచ్చేసరికి, తికమక లేకుండా ఒకే ఒక్క బొత్తాం చాలన్నారు. ఎక్కువ బొత్తాలుంటే సుఖమా, తక్కువుంటే సుఖమా అన్నది ఆనాటి ప్రశ్నే నన్నమాట. దానికి జవాబు మౌస్‌లో లేదు, మన పనిలో వుంది.

మా వాడు మంచి పని చేశాడు. మౌస్ డబ్బాలోంచి తీయకముందే వాళ్ళమ్మకు ఒక తెల్లకాగితం ఇచ్చాడు. "రేపు ఒక్కరోజు నువ్వు ఏ పని ఎన్నిసార్లు చేస్తున్నావో, పాలవాడి లెక్కలా గీతలు గియ్యమ్మా" అన్నాడు. గీసింది. సాయంత్రానికి కాగితం నిండిపోయింది. ఒకచోట కాపీ చేసి ఇంకొకచోట అతికించడం, చేసిన తప్పును వెనక్కి తీసుకోవడం, అధోజ్ఞాపిక వెయ్యడం - ఈ నాలుగు పనులకే ముప్పాతిక గీతలు. అధోజ్ఞాపిక అంటే పుట అడుగున వేసే చిన్న అక్షరాల వివరణ. అది వెయ్యడానికి వర్డ్‌లో కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ మూడు మీటలూ ఒక్కసారి నొక్కాలి. ముప్ఫై ఏళ్ళుగా ఆ చేత్తో పని చేస్తోంది గాని, ఆ చెయ్యి ఏమి చేస్తోందో మా చెల్లెలు అదే మొదటిసారి చూసుకోవడం.

కాపీ, అతికింపు బొటనవేలి బొత్తాలకిచ్చారు. అధోజ్ఞాపిక చక్రం వెనక దానికి. వెనక్కి తీసుకునే పని ఎడమచేతికే వుంచారు. అన్నీ బొటనవేలికే కట్టబెడితే రేపు బొటనవేలు మంచమెక్కుతుంది మరి. మౌస్‌తో వచ్చిన ప్రోగ్రాంలో బొత్తాం బొమ్మ మీద నొక్కి, ఎదురుగా పని పేరు ఎంచుకోవడమే. పది నిమిషాల్లో అయిపోయింది. కాని ఆ ప్రోగ్రాం రాసింది మా వాడు కాదండీ, ఆ గీతల కాగితం.

నెల తిరిగేసరికి తిమ్మిరి కొంత తగ్గింది. మౌస్ మందు అని చెప్పను. గంటకోసారి లేచి నడవడమూ, డాక్టరు చెప్పిన వ్యాయామమూ కూడా చేసింది. పని మాత్రం ఆగలేదు.

ఇక్కడితో కథ అయిపోతే బాగుండును. చేతికి సుఖం మరిగాక ఆశ పెరుగుతుంది కదా. తెలుగు సిద్ధాంత గ్రంథాల్లో ఒకే పుస్తకాన్ని వరసగా ఉదహరిస్తే "పైదే, పుట" అని వేసి అంకె వేస్తారు. ఒక్కొక్క గ్రంథంలో అది వందలసార్లు వస్తుంది. ఆ మాటలు మొత్తం ఒక బొత్తాం నొక్కితే పడేటట్టు చెయ్యమని మా చెల్లెలు కొడుకును వేధించింది. దీన్ని మాక్రో అంటారట. అధోజ్ఞాపిక పని మళ్ళీ మీటలకు పోయింది. చక్రం వెనక బొత్తాం "పైదే, పుట" అయింది.

ఆ బొత్తాం చక్రానికి ఆనుకుని వుంటుంది. పుటలు పైకీ కిందికీ తిప్పుతున్నప్పుడు వేలు తగిలితే అది నొక్కుకుంటుంది. మా చెల్లెలు గమనించలేదు.

గ్రంథం సమర్పించడానికి మర్నాడే గడువు. ఆ పరిశోధక విద్యార్థిని పల్లెటూరి పిల్ల. తండ్రి లేడు. ఆరేళ్ళ చదువు ఆ మూడు వందల పుటల్లో వుంది. ఆర్ట్సు కాలేజీ మెట్ల మీద కూర్చుని ఆఖరుసారి చదువుకుంటూంటే, కృతజ్ఞతల పుటలో, "నన్ను కూలి చేసి చదివించిన మా అమ్మకు పైదే, పుట నమస్కరిస్తున్నాను" అని కనిపించిందట!

సాయంత్రం ఆ పిల్ల తార్నాక పరుగెత్తుకొచ్చింది. గుమ్మంలో నిలబడి, "ఆంటీ, ఇంకా ఎన్నిచోట్ల వుందో" అంటూ ఏడ్చేసింది. మా చెల్లెలి మొహంలో నెత్తురు చుక్క లేదు. నేనక్కడే వున్నాను.

మా వాడు మాత్రం కంగారు పడలేదు. "మనిషి చేసే తప్పులు తలో రకం. యంత్రం చేసే తప్పు ఎక్కడైనా ఒకటే. వెతికితే దొరుకుతుంది" అన్నాడు. ఆ మాటలు ఎన్నిచోట్ల వున్నాయో కంప్యూటరు క్షణంలో చూపించింది. నాలుగు వందల పైచిలుకు! వాటిలో ఏది వుండవలసినదో, ఏది దొర్లినదో మాత్రం అది చెప్పలేదు. నేను పైకి చదువుతూ, ఆ పిల్ల తన నోట్సు చూస్తూ, చెల్లెలు దిద్దుతూ కూర్చున్నాం. రాత్రి రెండు దాటింది. దొర్లినవి తొమ్మిది. ఒకటి సరిగ్గా ముగింపు వాక్యంలోనే వుంది.

ఆనాటినుంచి మా ఇంట్లో కొన్ని కట్టుబాట్లు ఏర్పడ్డాయి. మీకూ పనికొస్తాయని చెబుతున్నాను. చెరిపేసే పని, ఉత్తరం పంపే పని, డబ్బు చెల్లించే పని ఎప్పుడూ బొత్తానికి అప్పజెప్పకూడదు. రహస్యపు సంకేతాలు, అవే పాస్‌వర్డులు, అసలే కూడదు. తొందరలో వేలు తగిలే బొత్తానికి, తప్పితే వెంటనే వెనక్కి తీసుకోగలిగిన పనే ఇవ్వాలి.

ఇంకొకటి. ఆ పిల్ల కూడా ముచ్చటపడి అటువంటిదే కొనుక్కుని యూనివర్శిటీలో వేరే కంప్యూటరుకు తగిలిస్తే, చెప్పిన పని ఒక్కటీ చెయ్యలేదు. కొన్ని మౌసులు మన ఏర్పాట్లను తమలోనే దాచుకుంటాయి. కొన్నిటికి అవి ఇంట్లో కంప్యూటరులోనే వుండిపోతాయి. నాలుగుచోట్ల వాడేవారు ఆ సంగతి అడిగి మరీ కొనాలి. ఎడమచేతివాటం వాళ్ళకు కుడి ఎడమ బొత్తాలు తారుమారు చేసుకోవడానికి కొత్తది అక్కర్లేదు. విండోస్‌లోనే ఆ వీలు వుంది.

నేనూ ఒకటి తెచ్చుకున్నాను. ఒక బొత్తాం నొక్కితే తెర మీద అక్షరాలు పెద్దవవుతాయి. మా మామగారు కళ్ళజోడు వెతుక్కోకుండా వార్తలు చదువుకుంటున్నారు. ఇంకొకటి నొక్కితే మా మాట అవతలికి వినబడదు. డల్లాసులో వున్న తమ్ముడితో మాట్లాడుతూండగా కుక్కరు ఈల వేసినప్పుడు అది ఎంత అవసరమో గృహిణులకు వేరే చెప్పాలా!

ఆ పిల్ల గడువులోపలే గ్రంథం సమర్పించింది. మొన్న పట్టా చేతికొచ్చాక మిఠాయి పొట్లంతో వచ్చి, అట్ట కట్టిన ప్రతి ఒకటి మా చెల్లెలి చేతిలో పెట్టింది. కృతజ్ఞతల పుటలో వాళ్ళమ్మ తరువాతి వాక్యం మా చెల్లెలిదే. ఆ రెండు వాక్యాల్లోనూ "పైదే, పుట" లేదు. కళ్ళజోడు పెట్టుకుని నేను స్వయంగా చూశాను.