మచ్చ వేరు, దోషం వేరు

ఒక వస్తువు చేతితో చేసినదై ఉండాలని కోరుకుంటాము. ఆ చేతి జాడ మాత్రం దానిమీద కనబడరాదంటాము. ఈ రెండు కోరికలూ ఒకే నోటినుండి వెలువడడం నాకు వింతగా తోస్తుంది. వీణలు కొనేవారి సంభాషణ విన్నప్పుడల్లా ఈ వైరుధ్యమే స్ఫురిస్తుంది.

విజయనగరం జిల్లా బొబ్బిలి వీణకు ఖ్యాతి తెచ్చినది దాని ఏకాండి నిర్మాణం. కుండ, దండి వేర్వేరుగా చేసి అతికించడం కాక, ఒకే పనసదుంగను తొలిచి వీణగా మలచడం అక్కడి సంప్రదాయం. బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీకులు తరతరాలుగా ఈ విద్యను కాపాడుతూ వస్తున్నారు. బాడితతో చెక్కి, ఉలితో తొలిచి, చిత్రిక పట్టి, ఆకురాయితో నునుపు చేసిన పిమ్మటనే ఆ మాను వీణ అవుతుంది. అతుకుల వీణ చేసేవాడు కర్రలో ముడి ఎదురైతే ఆ ముక్కను పక్కన పెట్టి వేరొకటి తీసుకోగలడు. ఏకాండి చేసేవాడికి ఆ వెసులుబాటు లేదు. చెట్టుకు కొమ్మ పుట్టిన చోట ఏర్పడిన ముడి, వీణ పొట్టమీదికి వస్తే వచ్చినట్టే. అనగా, మనం ఏ గుణానికి ఎక్కువ వెల ఇస్తున్నామో, ఆ మచ్చ కూడా ఆ గుణంతోపాటు పుట్టినదే!

మా మనుమరాలికి వీణ కొన్న సందర్భంలో, చేసిన వ్యక్తి తానే వీణను వెలుతురుకు తిప్పి, "మేస్టారూ, ఇక్కడ ముడుందండి. ముందే సెప్తన్నాను, సూసుకోండి" అన్నాడు. రూపాయి బిళ్ళంత నల్లని మచ్చ అది. పక్కనున్న మా బంధువు నా చెవిలో, "మంచి అవకాశం బావగారూ, రెండువేలు తగ్గించమనండి" అన్నారు. నేను అడగలేదు. ఎందుకు అడగలేదో చెప్పడమే ఈ వ్యాసానికి ప్రయోజనం.

మన అలంకారికులు కావ్యదోషాలను విచారించిన తీరు ఇక్కడ ఎంతో ఉపకరిస్తుంది. రసానికి హాని చేసేదే వారి దృష్టిలో దోషం. అందులోనూ నిత్యదోషాలని, అనిత్యదోషాలని విభజించారు. శ్రుతికటుత్వం శృంగారంలో దోషం. రౌద్రంలో అదే గుణం. ఈ కొలమానాన్ని వీణకు అన్వయిద్దాం. వీణకు రసం నాదం. నాదాన్ని చెరిచేది దోషం. కంటికి మాత్రమే తగిలేది మచ్చ.

దండి వంగి ఉంటే దోషం. కుండలో చీలిక ఉంటే దోషం. బిరడా జారి తంతి శ్రుతి నిలవకపోతే దోషం. మీటినప్పుడు ఏ మెట్టువద్దనైనా తంతి జీరపోతే దోషం. వీణకు ఉన్న 24 మెట్లనూ మైనంలో చెవితో సరిచూసి నిలుపుతారు. పన్నెండవ మెట్టుమీద పలికే స్వరం, వట్టి తంతి పలికే స్వరానికి సరిగ్గా పైస్థాయి కావాలి. కాకుంటే మేళం కుదరలేదని అర్థం. ఇవి ఉన్న వీణను సగం ధరకు ఇచ్చినా తీసుకోవద్దు. ఇక రంగు ఒకచోట ముదురుగా, మరొకచోట లేతగా ఉండడం, యాళి ముఖాన ఒక కన్ను రవ్వంత పెద్దది కావడం, మైనపు కట్ట నునుపు తేలకపోవడం — వీటివల్ల ఏ రాగానికి హాని? పనసకర్ర ఏళ్ళు గడిచేకొద్దీ పసుపు వీడి ముదురు గోధుమవన్నెకు తిరుగుతుంది. నేటి రంగు తేడాలను కాలమే చాలావరకు సర్దుతుంది.

పాశ్చాత్యుల్లోనూ దీనికి సాక్ష్యముంది. 1744లో మరణించిన ఇటలీ శిల్పి గ్వార్నేరి దెల్ జెసూ తన చివరి ఏళ్ళలో చేసిన వయొలిన్లు పైకి మోటుగా, ఉలిజాడలతో, ఎడమ కుడులు పొసగక కనిపిస్తాయి. 1743 నాటి అటువంటి వయొలిన్‌నే పగనీని తన జీవితమంతా ప్రాణప్రదంగా చూసుకొని, చివరకు తన జన్మస్థలమైన జెనోవా నగరానికి రాసి ఇచ్చాడు.

"మా కష్టార్జితం పెట్టి కొంటున్నాము, మచ్చలేనిది కోరడం తప్పా?" అని అడిగేవారుంటారు. తప్పు కాదు. ఎంచుకునే స్వేచ్ఛ కొనేవానిది; ఉన్నదున్నట్టు చూపే బాధ్యత అమ్మేవానిది. చేసినవాడు తానై తగ్గిస్తే పుచ్చుకోవడంలోనూ దోషం లేదు. చేతిపని పేరుతో అశ్రద్ధను అంటగట్టజూస్తే నిలదీయవలసిందే. నా అభ్యంతరమల్లా, నాదం నచ్చి, వీణ కొనడానికి నిశ్చయించుకున్నాక, బేరం కోసం మచ్చలు వెదకడం మీద.

ఆ బేరం ఫలితమేమిటి? మచ్చ చూపినందుకు రెండువేలు పోగొట్టుకున్నవాడు, మరుసటి వీణకు ఆ ముడిని లప్పంతో పూడ్చి, పైన ముదురు రంగు పూస్తాడు. అప్పుడు మనకు దక్కేది మచ్చలేని వీణ కాదు, మచ్చ దాచిన వీణ. ముడిని దాచడం నేర్చిన చేయి రేపు చీలికను దాచడానికి ఎంతసేపు? నిజం చెప్పినవాడికి జరిమానా వేసి, దాచినవాడికి పూర్తి వెల చెల్లిస్తే, అబద్ధాన్ని మనమే పోషించినట్టు. ఆ తరువాత "ఈ రోజుల్లో పనివాళ్ళలో నిజాయితీ లేదు" అని వాపోయే అర్హత మనకు ఉండదు.

మా మనుమరాలు ఇప్పుడు మాయామాళవగౌళలో సరళీస్వరాలు వాయిస్తున్నది. ఆ ముడి ఉన్నవైపు తన ఒడికే ఆనించుకొని కూర్చుంటుంది. దానికి "బొట్టు" అని పేరు కూడా పెట్టింది.

సంగీతజ్ఞులు, వాద్యాలు కొన్న అనుభవమున్న మిత్రులు ఈ విషయమై తమ అభిప్రాయాలను, విభేదిస్తే కారణాలతో సహా, తెలుపగోరుతున్నాను.

స్వస్తి.