రమ్మీలో గెలుపు స్కూట్ దగ్గరే మొదలవుతుంది



చలి ముదిరిందంటే మన సైట్లలో పని తగ్గుతుంది, రూముల్లో పేకాట పెరుగుతుంది. జర్నల్ స్క్వేర్ చుట్టుపక్కల మనవాళ్లు నలుగురున్న రూముల్లో శనివారం రాత్రి రమ్మీ నడుస్తూనే ఉంటుంది. పేకాట పాపం అని చెప్పడానికి ఇది రాయడం లేదు. పదమూడు ముక్కలు చేతిలో పట్టుకోవడం నాకూ ఇష్టమే. కానీ ఆట బాగా వచ్చు అనుకునే చాలామందికి సగమే వచ్చు. మిగతా సగం గురించి చెప్దామని ఇది రాస్తున్నాను.

ముందు అందరికీ తెలిసిన సగం. ముక్కలు చేతికి రాగానే జోకరు లేని సీక్వెన్స్ ఎక్కడ కుదురుతుందో చూస్కోవాలి. అది లేకపోతే మిగతావి ఎంత బాగా కుదిరినా లెక్కలోకి రావు. ఇస్పేటు ఏడు, ఎనిమిది ఉన్నాయనుకోండి. ఆరు వచ్చినా సరే, తొమ్మిది వచ్చినా సరే. ఆడేది రెండు పేకలతో కాబట్టి పనికొచ్చే ముక్కలు నాలుగు. అదే ఏడు, తొమ్మిది ఉంటే మధ్యలో ఎనిమిదే కావాలి, అవి రెండే ఉంటాయి. జత కుదరని రాజు, రాణి ఒక్కోటి పది పాయింట్ల బరువు, ముందే దింపెయ్యాలి. పక్కవాడు ఓపెన్‌లో ఆఠీను తొమ్మిది ఎత్తితే వాడికి ఆఠీను ఎనిమిది, పది పడెయ్యకూడదు. ఇంకో రంగు తొమ్మిది కూడా ఇవ్వకూడదు. ఇదంతా జ్ఞాపకం, ఓపిక. నెల రోజులు ఆడితే ఎవరికైనా వస్తుంది.

రాని సగం ఏంటంటే స్కూట్ చెప్పడం. మొదటే స్కూట్ అయితే 20. ఒక ముక్క ఎత్తాక మధ్యలో లేస్తే 40. చివరిదాకా కూర్చుని ఫుల్లు అయితే 80. అంటే నాలుగు ఆటల్లో మొదటే లేచినవాడు, ఒక్క ఆటలో ఫుల్లు అయినవాడు పోగొట్టుకునేది సమానం. నా లెక్క ఒకటే. చేతిలో జోకరు లేదు, తయారైన సీక్వెన్స్ లేదు, దానికి దగ్గరగా రెండు ముక్కలు కూడా లేవు అంటే ఆలోచించకుండా స్కూట్.

ఇంత చిన్న లెక్క తెలిసి కూడా ఎందుకు లేవరు? మొదటిది పరువు. లేస్తే "భయపడ్డాడ్రా" అని పక్కవాళ్లు నవ్వుతారని. రెండోది, ఇప్పటికే 40 దాకా వచ్చేశాం కదా, ఇంకొక్క ముక్క చూద్దాం అనుకోవడం. మూడోది అన్నిటికన్నా చెడ్డది: పోయింది రాబట్టుకోవాలి అనే పట్టుదల. పేకకి జ్ఞాపకం ఉండదండీ. మీరు పోయిన ఆట ఓడారని ఈ ఆటలో దానికి జాలి కలగదు. కలిపి పంచిన ప్రతిసారీ అది కొత్త పేకే.

మన పనిలో ఇది అందరికీ తెలుసు. సెంట్రింగ్ వంకర పోయిందని తెలిస్తే కాంక్రీటు పొయ్యకముందే విప్పుతాం. "పొద్దున్నుంచి కష్టపడి కట్టాం కదా" అని పోసేస్తే తర్వాత పగలగొట్టేది కూడా మనమే. సైటులో ఉన్న ఈ తెలివి పేక దగ్గర ఎక్కడికి పోతుంది?

పాయింటుకు డాలరే కదా అంటారు. న్యూజెర్సీలో 2025 కనీస కూలి గంటకు 15.49 డాలర్లు. ఒక్క ఫుల్లు అంటే 80 డాలర్లు, ఐదు గంటల కూలి పైనే. మొదటే స్కూట్ అయితే గంటన్నర లోపు కూలి. ఎక్కువ కూలి వచ్చేవాళ్లు మీ రేటుతో లెక్క వేసుకోండి. ఊరికి పంపాల్సిన డబ్బు అందులో ఎంతో కూడా చూస్కోండి.

ఇక కమీషన్ సంగతి. ఆరుగురు తలా 20 వేస్తే 120. బల్ల నడిపేవాడు పదికి ఒకటి తీసుకున్నాడు అనుకోండి, ఆటకి 12. పది ఆటలు అయ్యేసరికి 120, అంటే ఒక ఆట పందెం మొత్తం వాడి జేబులోకి పోయినట్టే. తెల్లారేదాకా ఆడితే మీలో ఎవరు గెలిచారో గానీ, వాడు మాత్రం ఓడడు. వాడికి ముక్కలు చూసే పని కూడా లేదు.

"రమ్మీ నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టే చెప్పింది" అనేవాళ్లు ఉన్నారు. నిజమే. ఆ కేసు మనదే. 1963లో సికింద్రాబాద్ క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేస్తే, 1967లో తీర్పు వచ్చింది. ముక్కలు గుర్తు పెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి ఇందులో నైపుణ్యం ఉందన్నారు. కానీ అదే తీర్పులో ఇంకో మాట ఉంది: పందెం ఆట మీద క్లబ్బువాడు లాభం తీసుకుంటుంటే నేరం కావచ్చని. మొదటి మాట అందరూ చెప్తారు, రెండోది ఎవరూ చెప్పరు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆపాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతా నిషేధిస్తూ చట్టం చేసింది. నైపుణ్యమా, అదృష్టమా అనే తేడా అందులో పెట్టలేదు.

ఇక్కడ మాత్రం అడ్డు తక్కువ. అట్లాంటిక్ సిటీలో 1978 నుంచి కేసినోలు ఉన్నాయి. 2013 నుంచి న్యూజెర్సీలో ఫోనులో కూడా కేసినో ఆటలు చట్టప్రకారమే నడుస్తున్నాయి. ఫోను మిమ్మల్ని స్కూట్ చెప్పమనదు. ఆ మాట మీరే చెప్పుకోవాలి.

సూపర్‌వైజరుగా ఇంకో మాట. ఆరు అడుగులు దాటి ఎత్తులో పని అంటే పడిపోకుండా రక్షణ ఉండాలని ఓషా రూలు. ఆదివారం రాత్రంతా పేకాడి సోమవారం పొద్దున స్కాఫోల్డింగ్ ఎక్కేవాడి కళ్లకి ఏ బెల్టు పెట్టాలి? వాడు జారితే కింద ఉన్నవాడికీ దెబ్బే.

కాబట్టి నేను అడిగేవి ఐదు. కమీషన్ తీసే బల్ల దగ్గర కూర్చోకండి. కూర్చునే ముందే ఎంత పోతే లేవాలో, ఎన్ని గంటలకి లేవాలో రూములో అందరి ముందు చెప్పండి. పనికి ముందురోజు రాత్రి పది దాటి ఆడొద్దు. అప్పు చేసి అస్సలు ఆడొద్దు. స్కూట్ చెప్పి లేచినవాడిని చూసి నవ్వకండి. ఆ బల్ల దగ్గర ఆట అందరికన్నా బాగా తెలిసింది వాడికే.

ఆపలేకపోతున్నాను అనిపిస్తే సిగ్గుపడొద్దు. 1-800-426-2537కి ఫోను చేయండి, పగలైనా రాత్రైనా మాట్లాడతారు. కేసినోలు, ఆన్‌లైన్ ఆటలు మిమ్మల్ని రానివ్వకుండా మీ పేరు మీరే రాయించుకునే పద్ధతి కూడా న్యూజెర్సీలో ఉంది. ఇంగ్లీషు ఇబ్బందైతే గ్రూపులో ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకోండి. నన్ను పిలిచినా వస్తాను.