ఆడని ఆటపై తీర్పు: వీడియోగేమ్ విమర్శ, తెలుగు శాఖల వైఖరి

తెలుగు విమర్శ వీడియోగేములను గురించి మాట్లాడడం లేదనడం పూర్తిగా నిజం కాదు. మాట్లాడుతూనే ఉంది, అయితే ఆడకుండా మాట్లాడుతున్నది. పుస్తకం చదవకుండా సమీక్ష రాసినవారిని మనం క్షమించం. ప్రదర్శన చూడకుండా నాటకంపై తీర్పు చెప్పినవారిని సభలోనే నిలదీస్తాం. ఆట విషయంలో మాత్రం ఆడకపోవడమే విమర్శకుని అర్హతగా, ఇంకా చెప్పాలంటే శీలానికి నిదర్శనంగా చెల్లుబాటవుతున్నది. ఈ వైఖరి శాస్త్రీయం కాదని, దీనివల్ల తెలుగు శాఖలు తమ ముంగిట ఉన్న ఒక పఠనానుభవాన్ని చేజేతులా పోగొట్టుకుంటున్నాయని చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

దీనికి ప్రేరణ ఒక చిన్న సంఘటన. మెట్‌పల్లిలో నా వద్ద డిగ్రీ చదివి, తరువాత తెలుగు ఎం.ఏ. పూర్తిచేసిన ఒక విద్యార్థి ఒక విశ్వవిద్యాలయానికి పరిశోధన ప్రతిపాదన సమర్పించాడు. గల్ఫ్ వలస అనుభవం వెలుగులో కంప్యూటర్ ఆటలలోని వలస కథనాలను పరిశీలించడం అతని విషయం. సమావేశంలో అతన్ని అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఇది సాహిత్యమా?" అతడు జవాబు కూడదీసుకునేలోగా విషయం మార్చుకొని రమ్మని సలహా ఇచ్చారు. ఏ ఆటలని ఎవరూ అడగలేదు. ఆ విశ్వవిద్యాలయం ఏదన్నది ఇక్కడ అప్రస్తుతం. అతడు మరొక చోటికి వెళ్ళినా ప్రశ్న అదే అయి ఉండేదని నా నమ్మకం.

మన మధ్య ఎక్కువగా వినిపించే అభిప్రాయం ఆట వ్యసనమన్నది. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం పబ్జీ మొబైల్‌ను నిషేధించేనాటికే ఆ పేరు తెలుగు ఇళ్ళలో ఒక రోగం పేరుగా స్థిరపడింది. ఈ ఆందోళన నిరాధారమని నేననను. రాత్రంతా మేలుకొని ఉదయం తరగతిలో నిద్రపోయే పిల్లలను నేనూ చూశాను. కాని అది తల్లిదండ్రుల ఆందోళన, వైద్యుల ఆందోళన. దానిని విమర్శ అని పిలవలేము. నవలలు చదివి ఆడపిల్లలు చెడిపోతారన్న ఒకనాటి మాటను మనం నవలా విమర్శలో చేర్చలేదు, సంఘచరిత్రలో చేర్చాం.

వ్యసనవాదంతో పాటే జూదమన్న నింద కూడా వస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2017లో గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు ఒడ్డే ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు ఆటలను ఇ-స్పోర్ట్స్ నుండి, వినోదపు ఆటల నుండి వేరు చేసింది. శాసనకర్తలు చేసిన ఈ వింగడింపును భాషాశాఖలవారు ఇంకా చేయకపోవడం వింతే. మన పులిజూదంలో పందెం లేకపోయినా పేరులో జూదం ఉన్నది. ఆ మాట ఎప్పుడు ఎట్లా అర్థం మార్చుకున్నదో చెప్పవలసినవారం మనమే కదా!

మరొక అభిప్రాయం సమీక్షకులది. బొమ్మలు ఎంత సహజంగా ఉన్నాయి, ఆట ఎన్ని గంటలు సాగుతుంది, పెట్టిన డబ్బుకు గిట్టుబాటా కాదా అన్నవి వారి కొలమానాలు. ఇవి అంగడి కొలమానాలే. అయినా ఆ సమీక్షకులు ఆట ఆడి మాట్లాడుతారు. ఆ ఒక్క కారణంచేత మన ఆచార్యులకంటే వారి మాటకే నేను ఎక్కువ విలువనిస్తాను.

అన్నిటికంటె ప్రమాదకరమైనది, మెచ్చుకోలు రూపంలో వచ్చే అభిప్రాయం. పశ్చిమయానమనే చీనా ప్రాచీన నవల ఆధారంగా 2024 ఆగస్టులో బ్లాక్ మిత్: వుకాంగ్ వెలువడి ప్రపంచమంతటా ఆదరణ పొందినప్పుడు, చీనావారు తమ వానరవీరుణ్ణి నిలబెట్టారు, మనం మన హనుమంతుణ్ణి ఎప్పుడు నిలబెడతాం అన్న మాట చాలాచోట్ల వినిపించింది. అంతకు ముందు, 2020లో పుణె నగరపు నాడింగ్ హెడ్స్ సంస్థ తయారుచేసిన రాజీ: యాన్ ఏన్షెంట్ ఎపిక్ విషయంలోనూ ప్రశంస ఇదే తీరున సాగింది: దుర్గ, విష్ణువు కథ చెబుతారు, కోటగోడలు మన కోటగోడల్లా ఉన్నాయి, కాబట్టి ఆట గొప్పది. ఇట్లా అనడం ముఖచిత్రం చూసి ప్రబంధాన్ని మెచ్చుకోవడంతో సమానం.

ఈ అభిప్రాయాలన్నిటిలోనూ ఉన్న లోపం ఒక్కటే. ఆటలో అర్థం ఎక్కడ ఉంటుందన్న ప్రశ్న ఎవరూ వేయరు. కథలో ఉంటుంది, చిత్రంలో ఉంటుంది, సరే. కాని ఆటకు ప్రత్యేకమైన అర్థం దాని నియమంలో ఉంటుంది. ఇది తెలియడానికి పాశ్చాత్య గ్రంథాలు తిరగవేయనక్కరలేదు, వైకుంఠపాళి చాలు. నిచ్చెనల పక్కన సుగుణాల పేర్లు, పాముల పక్కన దుర్గుణాల పేర్లు రాసి ఉంటాయి. పుణ్యం చేసినవాడు పైకి పోతాడు, పాపం చేసినవాడు కిందికి జారుతాడు అని పటం చెబుతుంది. ఆడేవాని అనుభవం వేరు. అతడు ఏ పుణ్యమూ చేయలేదు, ఏ పాపమూ చేయలేదు, పాచిక వేశాడు. పైవరుసలో పెద్దపాము నోట పడి అడుగుకు జారినవానికి తన తప్పేమిటో తెలియదు. పటం మీది రాత కర్మసిద్ధాంతం, పాచిక చేసే పని విధివిలాసం. ఈ రెంటికీ మధ్య ఉన్న వైరుధ్యమే ఆ ఆటలోని అసలు అర్థం. కేవలం పటాన్ని వర్ణించే వ్యాసం దానిని ఎన్నటికీ పట్టుకోలేదు. వాచ్యార్థం ఒకటి పలుకుతుండగా వేరొక అర్థం స్ఫురించడాన్ని ఆనందవర్ధనుడు ధ్వని అన్నాడు. ఆటలో ఆ స్ఫురణకు నియమం వ్యంజకమవుతుంది. దీనికి నియమధ్వని అని పేరు పెట్టవచ్చునేమో. పేరు మీద నాకు పట్టుదల లేదు.

ఇప్పుడు వుకాంగ్‌ను మళ్ళీ చూడవచ్చు. దానికి మూలమైన నవల బౌద్ధ గ్రంథాల కోసం సాగిన యాత్ర. ఆటలో అక్కడక్కడ ధ్యానస్థలాలున్నాయి. ఆటగాడు అక్కడ కూర్చుంటాడు, ప్రకృతి నిశ్శబ్దంగా కదులుతుంది, దృశ్యం నిజంగానే ప్రశాంతంగా ఉంటుంది. లేచేసరికి అతని ఖాతాలో శక్తి జమ అవుతుంది. ఆ శక్తితో కర్రసాము విద్యలు, మంత్రాలు పెంచుకొని తరువాతి శత్రువును మరింత సులువుగా పడగొడతాడు. అంటే ధ్యానం కూడా యుద్ధానికి పెట్టుబడి. ఇది లోపమా, ఉద్దేశపూర్వకమైన వ్యంగ్యమా అన్నది చర్చించదగిన విషయం. నా మట్టుకు లోపమే అనిపిస్తుంది. హనుమంతుని ఆట కావాలని కోరేవారు ఈ ప్రశ్న వేసుకోకపోతే రేపు వచ్చే ఆటలో రామనామ జపం కూడా గదాఘాతానికి బలం పెంచే సరుకై కూర్చుంటుంది. అప్పుడు కూడా మనం మన పురాణం వచ్చిందని చప్పట్లు కొడతాం.

నా విద్యార్థి ప్రతిపాదనలో ప్రధానంగా ఉన్న ఆట పేపర్స్, ప్లీజ్. లూకస్ పోప్ 2013లో కంప్యూటర్ల కోసం వెలువరించిన ఈ ఆట 2022లో ఫోన్లకు కూడా వచ్చింది. మెట్‌పల్లి వంటి చోట ఆ రెండో తేదీయే ముఖ్యం. కంప్యూటర్ లేని ఇంట్లో కూడా ఫోన్ ఉంటుంది. ఆటగాడు 1982లో ఆర్స్టోట్స్కా అనే కల్పిత దేశపు సరిహద్దులో పత్రాలు తనిఖీ చేసే చిన్న ఉద్యోగి. వరుసలో వచ్చినవారి పాస్‌పోర్టు, అనుమతి పత్రం, ఫోటో, తేదీలు సరిచూసి ముద్ర వేయాలి. ఎందరిని సరిగా పంపితే అంత కూలి. తప్పు చేస్తే హెచ్చరిక. రోజుకు మొదటి రెండు తప్పులకు జరిమానా ఉండదు, మూడో తప్పు నుండి కూలి కోత పడుతుంది. రాత్రి ఇంటి కిరాయి, తిండి, చలికాచుకునే ఖర్చు, జబ్బుపడ్డవారికి మందు ఆ కూలిలోనే. ఐదో రోజున ఒక భర్త సరైన పత్రాలతో దాటిపోతూ వెనుక వస్తున్న తన భార్యను కనికరించమంటాడు. ఆమె వద్ద అనుమతి పత్రం లేదు.

ఇక్కడ కథ చాలా చిన్నది, సంభాషణ నాలుగైదు వాక్యాలకు మించదు. బరువంతా నియమంలో ఉన్నది. జరిమానా లేని తప్పులు రెండే ఉన్నాయి. ఆ రెంటిలో ఒకటి ఈమెకు ఖర్చుపెట్టాలా, సాయంత్రం కళ్ళు అలసి తాను చేయబోయే పొరపాటుకు దాచుకోవాలా? దయకు కోటా ఉన్నదని చెప్పడానికి ఒక నవలాకారుడు ఎన్ని పుటలైనా రాయవచ్చు. ఈ ఆట చెప్పదు, లెక్క పెట్టిస్తుంది.

దీనిని నేను ఎనిమిది మంది విద్యార్థులతో ఆడించాను. వారిలో ఆరుగురి తండ్రులో అన్నలో దుబాయి, సౌదీ, మస్కట్లలో పనిచేసినవారు. మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతం తెలిసినవారికి ఇందులో వింత తోచదు. అనుమతి పత్రం లేని ఆ భార్య వచ్చినప్పుడు ఒకడు వెంటనే, "పంపితె ఆమె అక్కడ కల్లివెల్లి అయితది సార్" అన్నాడు. పత్రాలు లేక యజమానిని విడిచి దొంగచాటుగా బతికే కూలీని మావారు కల్లివెల్లి అంటారు. గల్ఫ్ అరబ్బీ నుండి తెచ్చుకొన్న మాట. ఆ ఒక్క మాటతో ఆట అర్థం మారిపోయింది. సరిహద్దు దాటించడం దయ అని అంతవరకు నేననుకొన్నాను. దాటించిన తరువాతి బతుకును కూడా అతడు లెక్కలోకి తీసుకున్నాడు. మరొకడు చాలాసేపు మాట్లాడక, చివరకు అన్న మాట ఇది: "మా బాపు గీ అద్దానికి అవతల నిలవడ్డడు సార్. ఇవతల కూసున్నోడు గూడ కిరాయి కట్టాలె అని నాకెన్నడు తోచలే." ఈ ఆటపై వచ్చిన ఆంగ్ల సమీక్షలు కొన్ని చదివాను. అవి ఉద్యోగి వైపు నుండి నైతిక సంకటాన్ని చర్చించాయి. వరుసలో నిలబడ్డవాని ఇంటి నుండి వచ్చి ఉద్యోగి కుర్చీలో కూర్చున్న పాఠకుడు వాటిలో నాకు కనిపించలేదు. ఆటలోని సంవత్సరం 1982 అని చెప్పినప్పుడు ఒక అమ్మాయి మన వలస చట్టం 1983 నాటిదని గుర్తుచేసింది. పదో తరగతి దాటనివారు గల్ఫ్‌కు కూలికి పోవాలంటే ప్రత్యేక అనుమతి కావాలన్న నిబంధన ఆ చట్టం కిందిదే. వాళ్ళ ఇంట్లో ఆ చట్టం పుస్తకజ్ఞానం కాదు.

సాహిత్యశాస్త్రానికి ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. మన రససిద్ధాంతంలో సహృదయుడు ప్రేక్షకుడు. శకుంతల దుఃఖం నాదీ కాదు, పరాయిదీ కాదు అనే సాధారణీకరణం వల్లనే అది ఆస్వాద్యమవుతుంది. ఆటలో ముద్ర వేసినది నేను. ఆమెను వెనక్కు పంపిన బాధ సాధారణీకృతం కాదు, నాకే తగులుతుంది. అప్పుడు దానిని కరుణ అనాలా, పశ్చాత్తాపమనే లౌకిక భావంగానే మిగులుతుందనాలా? అభినవగుప్తుని చదివినవారు ఈ ప్రశ్నను పట్టించుకోకపోతే ఇంకెవరు పట్టించుకుంటారు? నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలో దేవతలు బ్రహ్మను అడిగినది చూడదగిన, వినదగిన క్రీడనీయకాన్ని, అంటే ఒక ఆటవస్తువునే. ఆ మాటను ఏటేటా తరగతిలో వివరిస్తూ ఆటవస్తువు చేతికి రాగానే ఇది సాహిత్యమా అనడం నాకు అర్థం కాదు.

నియమం ఒక్కటే పాఠ్యం, భాషకు చోటు లేదన్న అపోహ కూడా వద్దు. టొరంటోలోని విసాయ్ గేమ్స్ 2023లో వెలువరించిన వెన్బా 1988లో కెనడాకు వలసపోయిన ఒక తమిళ కుటుంబం కథ. తల్లి ఇచ్చిన వంటపుస్తకంలో తడిసి చెరిగిపోయిన వాక్యాలను ఆటగాడు ఊహించి పూరించాలి. లేకపోతే ఇడ్లీ కూడా కుదరదు. చెరిగిన లిపిని పూరించడమే ఇక్కడ నియమం. ప్రతి పరిష్కర్తకూ తెలిసిన పని అది. శిథిల తాళపత్రాలతో కుస్తీ పట్టిన మన శాఖలవారికి ఈ ఆట పరాయిది కాకూడదు. 2024లో దీనికి తొలి ఆటల విభాగంలో బాఫ్టా పురస్కారం వచ్చింది. తమిళ వంటింటి ఆటకు అంత గౌరవం దక్కితే తెలుగు పరిశోధకులలో కనీసం అసూయ అయినా పుట్టలేదు.

జానపద సాహిత్యాన్ని కూడా ఒకప్పుడు కాదన్నారు, బిరుదురాజు రామరాజుగారు 1956లో ఉస్మానియాలో డాక్టరేట్ సాధించి దారి వేశారు కదా అని నా పక్షాన వాదించే మిత్రులున్నారు. ఆ పోలిక నాకు అంతగా రుచించదు. జానపద గేయం మాటలతో కట్టినది. దాని సాహిత్యత్వం అంగీకరించడానికి సంస్కారం మారితే చాలు. ఆట విషయంలో పద్ధతి కూడా మారాలి. నాకు అంతకంటె దగ్గరగా తోచే ఉదాహరణ మన పాత కావ్యాలలోని ఆటల పట్టికలు. హంసవింశతి వంటి కావ్యాలలో వరుసగా ఆటల పేర్లున్నాయి. 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో సురవరం ప్రతాపరెడ్డిగారు అటువంటి పేర్లను ఏరి చూపారు. వాటిలో కొన్నింటిని ఎట్లా ఆడేవారో ఇప్పుడు తేల్చి చెప్పలేము. కవులు పేర్లు దాచారు. నియమాలు ఎవరూ రాయలేదు.

ప్రత్యేక శాఖలు, కొత్త పేపర్లు, సర్టిఫికెట్ కోర్సులు పెట్టాలని నేను కోరడం లేదు. వస్తున్న ఆటలలో చాలా భాగం రెండోసారి చూడదగినవి కావని కూడా ఒప్పుకొంటాను; వస్తున్న నవలల సంగతీ అంతే. ఒక పరిశోధకుడు ఆటపై ప్రతిపాదన తెచ్చినప్పుడు పరిశీలకులలో ఒక్కరైనా ఆ ఆటను మూడు గంటలపాటు ఆడి రావాలి. ఆడిన తరువాత తిరస్కరించినా నాకు అభ్యంతరం లేదు. తిరస్కారానికి కారణాలు అప్పుడు ఆటలోంచి వస్తాయి.

ఆ విద్యార్థి విషయం మార్చుకున్నాడు. ఇప్పుడు అందరికీ సమ్మతమైన ఒక శీర్షిక కింద ప్రవేశం పొంది, ఇదివరకే ఎందరో పని చేసిన కవిపై పని చేస్తున్నాడు. ఎనిమిది మంది ఆడుతున్నప్పుడు అన్న మాటలను, ఎవరు ఎక్కడ ముద్ర వేశారో, ఎక్కడ చేయి ఆగిందో అతడు తన యాసలోనే రాసిపెట్టుకొన్న నోటుపుస్తకం మాత్రం నా దగ్గర వదిలి వెళ్ళాడు. నలభై పుటలకు పైగా ఉంటుంది. చూడదలచినవారు మెట్‌పల్లికి రావచ్చు.