అందాజు అడగడం మన హక్కే

పర్ణశాలలో మా ఖాలూకి గాజులు, పిల్లల బొమ్మలు అమ్మే చిన్న దుకాణం ఉంది. శ్రీరామనవమి రోజుల్లో గిరాకీ, మిగతా రోజుల్లో సబర్. పోయినేడు ఫజర్‌కు లేచిన ఖాలా వుజూ చేస్తూ చేస్తూ కూలబడిపోయింది. ఫాలిజ్. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఖమ్మంలో ఒక ప్రైవేటు దవాఖానాకు తీసుకుపోయారు.

కౌంటర్‌లో మొదటి మాట "యాభై వేలు కట్టండి". మొత్తం ఎంతవుతుందని ఖాలూ అడిగితే, "మీకు మనిషి కావాలా, లెక్క కావాలా?" అన్నారట. శరంతో ఆయన మళ్లీ నోరెత్తలేదు. తొమ్మిదో రోజు బిల్లు మూడు లక్షలు దాటింది. ఖాలా కమ్మలు, కూతురి షాదీకి దాచిన పైసలు అన్నీ పోయాయి. అసలు ఇలాజ్ ఇప్పుడే మొదలు, ఆర్నెల్లు రోజూ ఫిజియోథెరపీ చేయించాలని డాక్టర్ సాబ్ చెప్పింది డిశ్చార్జి రోజున! పదిహేను రోజులు చేయించి మానేశారు. ఖాలా కుడి చేతి వేళ్లు ఇంకా ముడుచుకునే ఉన్నాయి.

నా షికాయత్ బిల్లు పెద్దదని కాదు. ప్రాణం మీదికొచ్చిన రోజు లెక్కలు ఆగొచ్చు, కానీ మూడో రోజుకైనా ఆర్నెల్ల ఖర్చు చెప్పి ఉంటే? ఏసీ గది వద్దని వార్డుకు మారేవాళ్లు, థెరపీకి పైసలు మిగుల్చుకునేవాళ్లు. ఆ ఫైసలా వాళ్లది. దాన్ని వాళ్ల చేతుల్లోంచి లాగేసుకున్నారు.

2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టాన్ని తెలంగాణ కూడా స్వీకరించింది. ఏ సేవకు ఎంతో స్థానిక భాషలోనూ, ఇంగ్లీషులోనూ కనిపించేచోట పెట్టాలని 2012 నియమాల్లో తొమ్మిదోది చెబుతుంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల చార్టర్‌లోనూ ఈ మాట ఉంది. బిల్లు తగాదా పేరుతో మయ్యత్‌ను ఆపకూడదనీ ఉంది.

"బీమారీ ఎటు తిరుగుతుందో ఎవరికి ఎరుక?" అంటారు డాక్టర్లు. నిజమే. పునాదిలో రాయి తగులుతుందో లేదో మేస్త్రీకీ తెలీదు. అయినా ఇంత నుంచి ఇంత అంటాడు, దాటే ముందు మళ్లీ అడుగుతాడు. 2020 జూన్‌లో సర్కారు ప్రైవేటు దవాఖానాలకు కోవిడ్ రేట్లు ఖరారు చేయలేదా? వార్డుకు రోజుకు 4,000, ఐసీయూకి 7,500, వెంటిలేటర్‌తో 9,000. ఎంతమంది పాటించారన్నది వేరే దర్ద్. అమెరికాలో 2022 నుంచి, బీమా లేనివాళ్లు ముందుగా కుదుర్చుకున్న వైద్యానికి అందాజు రాసివ్వాలి. బిల్లు దానికంటే 400 డాలర్లో, ఆపైనో పెరిగితే రోగి అభ్యంతరం పెట్టొచ్చు.

అందాజు, ఖర్చు, రసీదు, బాకీ, వసూలు, హక్కు. అన్నీ మన జబాన్ నుంచి తెలుగులోకి నడిచొచ్చిన మాటలే. దవాఖానా కౌంటర్‌లో మాత్రం బాకీ, వసూలు రెండే వినిపిస్తాయి.

ఇంకో మాట. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది. ఈ బీమారీకి, ఈ దవాఖానాలో అది వర్తిస్తుందా అని గడప దగ్గరే అడగండి. ఖాలూ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

పోయిన నెల మా మామూకి హెర్నియా ఆపరేషన్. ఈసారి కౌంటర్ దగ్గర నేను నిలబడ్డాను. ఆపరేషన్, గది, మందులు, తర్వాత చూపించుకోవడం, అన్నీ కలిపి ఎంత నుంచి ఎంత? రాసివ్వండి అన్నాను. ఆ కుర్రాడు లోపలికెళ్లి పది నిమిషాలకు వచ్చి, చీటీ వెనకాల రాసి సంతకం పెట్టాడు. మామూ దాన్ని మడిచి కుర్తా జేబులో పెట్టుకుంటుంటే, మా వెనకున్న కోయ ముసలాయన చెయ్యి చాచాడు. "నాకూ ఒకటి రాయి బిడ్డా."