అతుకుని ఆడిపోసుకోకండి

లోకంలో అన్నిటికన్నా తేలిగ్గా తిట్టగలిగినది అతుకు. నోరెత్తదు, ఎదురు తిరగదు, దాక్కోదు. కొత్త చొక్కా మీద పడ్డ మరకని చూసీ చూడనట్టు ఊరుకునే పెద్దమనుషులే పాత చొక్కా మీది మాసికని చూసి మొహం చిట్లిస్తారు. చొక్కాల సంగతి అలా వుంచండి. ఇవాళ నేను వకాల్తా పుచ్చుకున్నది లారీ ట్యూబుకి.

లారీ ట్యూబుకీ సాహిత్యం పేజీకీ ఏవిటయ్యా సంబంధం అంటారేమో, మనవి చేస్తాను. మన గోదావరి జిల్లాల్లో పడవ కొనే తాహతూ, తాటిదోనె మోసే ఓపికా లేనివాళ్ళు కొందరున్నారు. వాళ్ళు లారీ ట్యూబులో గాలి కొట్టించి, మధ్య ఖాళీకి అడ్డంగా నవారు అల్లుకుని, దానిమీద కూచుని, కాళ్ళు నీళ్ళలోకి వదిలి, గాలం వేస్తారు. తెడ్డు వుంటే తెడ్డు, లేకపోతే అరిచేతులే తెడ్లు. సరిగ్గా ఈ పనినే అమెరికాలో దొరలు చేస్తే దానికి ఫ్లోట్ ట్యూబ్ అని పేరు. కాళ్ళకి బాతుపాదాల్లాంటి రబ్బరు రెక్కలు తొడుక్కుని, బాస్ అనే చేపకోసం చెరువుల్లో తేలుతూ వుంటారు. అక్కడ అది సరదా. ఇక్కడ మనవాడు అదే చేస్తే "పాపం, గతి లేక!" అంటారు. అదెక్కడి న్యాయమండీ?

ఆ మాటకొస్తే మన చేపేం తక్కువ తిన్నదా? వాళ్ళ బాస్ వేరు, మన పండుగప్ప వేరు. కానీ ఇంగ్లీషువాడు మన పండుగప్పని కూడా సీ బాస్ అనే పిలుస్తాడు. బెంగాలీలకి అది భెట్కీ, ఆస్ట్రేలియా వాళ్ళకి బారముండి. ఉప్పునీళ్ళలోనూ బతుకుతుంది, మంచినీళ్ళలోనూ బతుకుతుంది. మొదట మగదిగా పెరిగి, వయసు ముదిరాక ఆడదిగా మారుతుంది. ఇలాంటి చేపకోసం ట్యూబెక్కినవాణ్ణి బొత్తిగా తీసిపారెయ్యకూడదు.

"సరేనయ్యా, వేటకి వెళ్ళమను. కానీ ఆ ట్యూబుకి అన్ని అతుకులేవిటి? బుద్ధున్నవాడు ఎక్కుతాడా?" ఇదీ మొదటి ఆక్షేపణ. అతుకులు ఎందుకు పడతాయో తెలిస్తే ఈ ప్రశ్న రాదు. గట్టు దిగేటప్పుడు తుమ్మముల్లు. నీళ్ళలోకి దిగాక మన గాలమే మన ట్యూబుకి గుచ్చుకోడం. మొగల్లో అయితే గుంజలకి కరుచుకున్న ఆలిచిప్పలు బ్లేడులా కోస్తాయి. వీటన్నిటినీ తప్పించుకుని చేపని పట్టావే అనుకోండి, అది ఊరుకుంటుందా? పండుగప్ప వీపు మీద గట్టి ముళ్ళుంటాయి, మొప్ప మూత అంచు కత్తిలా వుంటుంది. ఒళ్ళోకి లాగబోతే అది ఒక్క తన్ను తన్ని, పోతూ పోతూ ట్యూబుని పొడిచి పోతుంది. చేపా పోయె, గాలీ పోయె!

ఇవి చాలవన్నట్టు ఎండ. మిట్టమధ్యాహ్నం ఒడ్డున గట్టిగా కొట్టించిన గాలి చల్లటి నీళ్ళు తగలగానే ముడుచుకుని ట్యూబు మెత్తబడుతుంది. తెలియనివాడు పంక్చరయిందని గుండె బాదుకుంటాడు. నీళ్ళలో బిగువుగా వున్నదాన్ని తెచ్చి ఎండలో పడేస్తే ఇంకో తంటా. లోపలి గాలి వ్యాకోచించి బలహీనంగా వున్నచోట అతుకంచు లేస్తుంది. అంటే అతుకు వూడితే తప్పు ఎప్పుడూ అతుకుది కాదు. ఒక్కోసారి సూర్యభగవానుడిది, ఎక్కువసార్లు మన బద్ధకానిది.

అతుకు వెయ్యడం కూడా మీరనుకున్నంత అల్లాటప్పా పని కాదు. ట్యూబుని నీళ్ళతొట్టిలో ముంచి బుడగ ఎక్కడొస్తోందో చూడాలి. తడి ఆరనివ్వాలి. చుట్టూ గరుకు కాయితంతో రుద్దాలి. సొల్యూషను పల్చగా పుయ్యాలి. ఆ తరవాత ఏమీ చెయ్యకుండా కూచోవాలి. ఈ ఆఖరిదే కష్టం. పూసిన జిగురు వేలికి అంటీ అంటనట్టు అయ్యేదాకా ఆగలేక, తడిమీదే ముక్క అద్దేసి, "ఛీ, అతుకులు నిలవవండీ" అనేవాళ్ళని నేను ఎందర్నో చూశాను. 1839లో చార్లెస్ గుడ్ ఇయర్ గంధకం కలిపి వేడిచేస్తే రబ్బరు దృఢపడుతుందని కనిపెట్టడానికి ఏళ్ళ తరబడి తంటాలు పడ్డాడు. మనం ఓ అయిదు నిమిషాలు ఆగలేమూ?

ఇప్పుడు అసలు తగువుకొస్తాను. ఒకసారి ఒక దుకాణంలో "కొత్తదేనండి, నిన్ననే సరుకొచ్చింది" అని ప్రమాణం చేసి మరీ ఓ ట్యూబు నాకు అంటగట్టారు. నల్లగా నిగనిగలాడుతోంది. నడుంలోతు నీళ్ళలో రెండు గంటలు తిరిగేసరికి పాములా బుస కొట్టడం మొదలెట్టింది. పంక్చర్లు వేసే ముసలాయన దగ్గరికి మోసుకుపోతే, బొటనవేలితో ఒకచోట రుద్ది, వేలు నాకు చూపించాడు. నల్లరంగు!

"ఇది అతుకు కాదండి బాబుగారూ, అతుక్కి పూసిన రంగండి. ఆయ్. అతుకేమో కనిపించాలండి. కనిపిస్తే రోజూ ఓసారి తడిమి చూసుకుంటావండి. కనిపించకపోతే ఎవడు చూస్తాడండి?"

అయ్యా, ఆ ముక్క రాగిరేకు మీద చెక్కించదగ్గది. అతుకు వెయ్యడం తప్పు కాదు, అతుకుని దాచడం తప్పు. పది అతుకులున్న పాత ట్యూబు ఎక్కడ బలహీనమో దాని యజమానికి తెలుసు. రంగు పూసిన ట్యూబు ఎక్కడ బలహీనమో అమ్మినవాడికి తప్ప దేవుడికి కూడా తెలీదు.

కొత్త ఒక వింత, పాత ఒక రోత అనేవారితో మరో మాట. మీరు తింటున్న అన్నం ఎక్కడిదనుకుంటున్నారు? కాటన్ దొర ధవళేశ్వరంలో కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇసక మీద కట్టిన కట్టడం అది. కొత్త బ్యారేజీ 1982లో పూర్తయ్యేదాకా, నూట ముప్ఫయ్యేళ్ళు వరదలకి ఎదురొడ్డి నిలబడిందంటే మహిమ వల్ల కాదు, మరమ్మతుల వల్ల. ఇప్పటికీ వేసవిలో కాలవలు కట్టేసి, పూడికలు తీసి, గట్లు పూడ్చి, లాకులు బాగుచేస్తేగాని తొలకరికి నీళ్ళు పారవు. నాటుపడవల వాళ్ళు పలకల సందుల్లో నార కూరి గుగ్గిలం పట్టించేవారు. ఈ డెల్టా అంతా అతుకుల మీద బతుకుతున్న దేశమండీ! ఇక్కడ పుట్టి, ఇక్కడి బియ్యం తిని, అతుకుని వెక్కిరించడం అన్నం పెట్టిన చేతిని కొరకడమే.

అయితే నేను ట్యూబెక్కిన ప్రతివాణ్ణీ వెనకేసుకు రావడంలేదు. వాళ్ళతోనూ నాకు తగువుంది. "గోదారోడికి ఈత నేర్పుతావేంటండీ?" అని మీసం మెలేసే శాల్తీలున్నారు చూశారూ, వాళ్ళతో. లారీ ట్యూబుకి వున్నది ఒకే ఒక్క గాలిగది. చిన్న ముల్లు గుచ్చుకున్నా మొత్తం పోతుంది. కొత్తదైనా అంతే, పాతదైనా అంతే. అందుకే అమెరికా వాళ్ళు తర్వాత్తర్వాత వీపు వెనక ఆనుకోడానికి వేరే గాలిసంచీ పెట్టుకున్నారు. ఒకటి పోతే ఒకటి ఆదుకుంటుందని. మనం ఆ పాటి చెయ్యలేమా? మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు రెండు కట్టుకోడానికి ఎంతవుతుంది? లైఫ్ జాకెట్టు వేసుకుంటే మీసం రాలిపోతుందా? గుర్రపుడెక్క కాళ్ళకి చుట్టుకున్నప్పుడు ఎంత గజ ఈతగాడైనా గింజుకోవలసిందే. అంతర్వేది దగ్గర పాటు మొదలయ్యాక వాసిష్ఠి సముద్రం వేపు లాగుతుంటే, అరిచేతుల తెడ్లు ఏం పని చేస్తాయి? ఆటుపోట్ల వేళ తెలుసుకోకుండా మొగలో ట్యూబు దింపడం ధైర్యం కాదు, ఇంటిదాని పసుపుకుంకాలతో పేకాట.

2019 సెప్టెంబరు 15న దేవీపట్నం దగ్గర కచ్చులూరులో పర్యాటకుల పడవ మునిగి ఎన్ని కుటుంబాలు గుండెలు బాదుకున్నాయో మరిచిపోలేదు కదా? పడవ చిన్నదా పెద్దదా అని గోదారి చూడదు. ఆ పడవని అక్టోబరు 22న పైకి లాగింది కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం. తాళ్ళు, లంగర్లు, నీటిని చదివిన అనుభవం, ఇవీ వాళ్ళ సరంజామా. ఆ రోజున రాష్ట్రమంతా ఆ చేతులకి దణ్ణం పెట్టింది. మంచిదే. కానీ అలాంటి చేతుల్ని, అలాంటి తెలివిని మనం మునిగాకే ఎందుకు తలుచుకోవాలి? మునగకముందు రేవులో కూచున్న ముసలివాడు "ఇవాళ వద్దురా అబ్బాయ్" అంటే ఎందుకు వినం?

ఇక ఆఖరి తగువు. కార్లకి ట్యూబుల్లేని టైర్లు వచ్చేశాయి, లారీలకీ వస్తున్నాయి. మంచి ట్యూబు దొరకడం రాను రాను కష్టం. దాని బదులు ధర్మోకోలు దిమ్మ మీద కూచోమంటారు కొందరు. అది విరిగితే అతుకు లేదు. పొడి పొడిగా రాలి, నీళ్ళ మీద తేలి, చేపల కడుపుల్లోకి చేరుతుంది. బాగుచేసుకునే వీల్లేని వస్తువుని చవకని కొనుక్కుని, దాని చెత్తని మన కాలవకి కట్నంగా ఇవ్వడం పేరు అభివృద్ధి అయితే, ఆ అభివృద్ధిని నా గట్టెక్కనివ్వను.

కాబట్టి వేటగాళ్ళకి నా విన్నపం ఇది. అతుకులు వేయించుకోండి, సిగ్గుపడకండి. వాటికి రంగు పుయ్యకండి. దిగేముందు ఒక్కొక్కటీ వేలితో తడిమి చూసుకోండి. రెండో ఆధారం కట్టుకోండి, జాకెట్టు తొడుక్కోండి, పోటూ పాటూ తెలుసుకోండి. గట్టుమీద నిలబడి నవ్వే పెద్దమనుషులకి విన్నపం ఇంకా చిన్నది. ఓసారి మీ ఇంటి వంతెన కిందా, మీరెక్కే పడవ కిందా వంగి చూడండి. అక్కడ అతుకులు కనిపిస్తే భయపడకండి. రంగు మాత్రమే కనిపిస్తే అప్పుడు భయపడండి.